ప్రభుత్వ కళాశాలలో బీకామా, హైదరాబాదులో బీబీఏనా: పేదింటి విద్యార్థినికి ఏది నిజంగా చవక?

మెట్‌పల్లి అన్నయ్య (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది బీసీ కుటుంబం. మా చెల్లి ఈ ఏడాది ఇంటర్ సీఈసీ మంచి మార్కులతో పూర్తి చేసింది. అమ్మ బీడీలు చుడుతుంది. కార్ఖానావాళ్లు నెలలో సగం రోజులకు మించి ఆకు, తంబాకు ఇవ్వడం లేదు. నాన్న గల్ఫ్ నుంచి తిరిగి వచ్చాక నడుం నొప్పితో బరువు పనులకు పోలేకపోతున్నారు. నేను మొబైల్ దుకాణంలో పనిచేస్తున్నాను. చెల్లికి బిజినెస్ కోర్సు చదవాలని గట్టి పట్టుదల ఉంది. హైదరాబాదులోని ఒక ప్రైవేటు కళాశాల పీఆర్వో మా ఇంటికి వచ్చి, బీబీఏలో చేరితే ఫీజంతా రీయింబర్స్‌మెంట్‌లో పోతుందనీ, మేము రూపాయి కూడా కట్టనక్కరలేదనీ చెప్పి, పదో తరగతి మెమో, టీసీ అప్పుడే ఇమ్మని అడిగాడు. మేము ఇంకా ఇవ్వలేదు. బంధువులేమో జగిత్యాల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీకాం చాలంటున్నారు. మా దుకాణం యజమాని మాత్రం చెల్లిని పనిలో పెట్టి ఓపెన్ డిగ్రీ కట్టించమని సలహా ఇచ్చారు. దోస్త్ (డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) వెబ్ ఆప్షన్లకు గడువు దగ్గర పడింది. ఈ మూడింటిలో ఏది సరైనదో తెలిసినవారు చెప్పగలరు.

కామర్స్ అధ్యాపకుడు, కరీంనగర్:

తమ్ముడూ, ముందుగా ఒక మాట: ఆ పీఆర్వోకు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి. కళాశాలలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 అక్టోబరులోనే స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు పరిశీలించి తిరిగి ఇవ్వవలసిందే. మన ఊళ్లలో జరుగుతున్నది వేరు. ఒకసారి టీసీ చేతికి చిక్కిందంటే, ఆ పిల్ల మనసు మార్చుకున్నా బయటికి రాలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. చదువు ఖర్చు అనగానే మనవాళ్లు ఫీజు ఒక్కటే లెక్కిస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్న ఇంట్లో ఫీజు పెద్ద ఖర్చు కాదు. ఇంటికి దూరంగా ఉండడమే పెద్ద ఖర్చు. హైదరాబాదులో ప్రైవేటు లేడీస్ హాస్టల్‌లో చేరాలంటే అడ్వాన్స్ కాక నెలనెలా ఐదారు వేలైనా కట్టాలి. ఏడాదికి పది నెలలు వేసుకున్నా యాభై, అరవై వేలు. మూడేళ్లకు ఎంతవుతుందో మీరే వేసి చూడండి. ఆ సొమ్మును ఏ రీయింబర్స్‌మెంటూ తీర్చదు. ఈ-పాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఉపకార వేతనాల వెబ్‌సైట్) ద్వారా వచ్చే నిర్వహణ ఉపకార వేతనం మెస్ బిల్లులో ఒక మూలకు కూడా సరిపోదు, అదీ సకాలంలో రాదు. జగిత్యాలకైతే మీ చెల్లి రోజూ ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేదు కనుక ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. నా తరగతిలో ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే అమ్మాయిల సంఖ్య ఆ తరువాత పెరగడం కళ్లారా చూశాను.

కోర్సు సంగతి. బీకాంలో చేరితే ఎంబీఏ దారి మూసుకుపోతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. ఏ డిగ్రీ అయినా నిర్ణీత శాతం మార్కులుంటే ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయవచ్చు. బీకాంలో 55 శాతం దాటితే సీఏకు ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్మీడియట్ స్థాయిలో చేరవచ్చు. జిల్లా కేంద్రంలో ఏ ఆడిటర్ ఆఫీసుకు వెళ్లినా, జీఎస్టీ రిటర్నులు వేయగలిగిన, టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు తప్పు లేకుండా కొట్టగలిగిన పిల్లల కోసం వెతుకుతుంటారు. రెండో సంవత్సరం చదువుతుండగానే సాయంత్రం పూట అలాంటి చోట పనికి కుదిరిన నా విద్యార్థినులున్నారు.

హెచ్‌ఆర్ ఉద్యోగిని, హైదరాబాద్:

సార్, మీ మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేనూ మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లనే. మాది కూలి కుటుంబం. నేను నగరంలో బీబీఏ చదివాను, ఇప్పుడు అదే నగరంలో ఉద్యోగాలకు వచ్చేవారిని ఇంటర్వ్యూ చేస్తున్నాను. జిల్లాల నుంచి వచ్చే బీకాం పిల్లలకు లెక్కలు బాగా వస్తాయి, కానీ తాము చేసిన పని గురించి ఐదు నిమిషాలు ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పమంటే తడబడతారు. అది వాళ్ల తెలివిలో లోపం కాదు; మూడేళ్లలో ఒక్కసారి కూడా నలుగురి ముందు నిలబడి మాట్లాడే అవకాశం రాకపోవడం వల్ల వచ్చిన లోపం. మంచి బీబీఏలో ప్రతి సెమిస్టరుకు ప్రాజెక్టులు, ప్రజెంటేషన్లు, ఇంటర్న్‌షిప్ ఉంటాయి. నగరంలో కంపెనీలు పక్కనే ఉంటాయి.

డబ్బు విషయంలోనూ రెండు సంగతులు మీరు వదిలేశారు. 2024-25 నుంచి బీబీఏ కోర్సులు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) పరిధిలోకి వచ్చాయి. ఆ అనుమతి ఉన్న కళాశాలల్లో బీబీఏ, బీసీఏ చదివే ప్రతిభావంతులైన అమ్మాయిలకు ఏడాదికి 25,000 రూపాయల సరస్వతి స్కాలర్‌షిప్ ఉంది. ఇది బీకాంకు వర్తించదు. రెండవది, నగరంలో ప్రభుత్వ బీసీ కళాశాల వసతి గృహాలున్నాయి. సీటు దొరికితే మీరు చెప్పిన అరవై వేల లెక్క ఉండదు. నగరమంటే ప్రైవేటు కళాశాల ఒక్కటే కాదు. ప్రభుత్వ కళాశాలల్లోనూ బీబీఏ ఉంది, కొన్నిచోట్ల రిటైల్ కోర్సులో వారంలో కొన్ని రోజులు దుకాణంలో పని నేర్పి స్టైపెండ్ కూడా ఇస్తున్నారు. పేదవాళ్ల పిల్లలు ఇంటి దగ్గరే ఉండాలని మనమే తీర్మానించేయడం నాకు బాధగా ఉంది.

ఒక తండ్రి, అనంతపురం:

మాది ఆంధ్రప్రదేశ్ అయినా కష్టం ఒకటే కనుక రాస్తున్నాను. మా అబ్బాయి ప్రైవేటు కళాశాలలో బీకాం పూర్తి చేశాడు. ప్రభుత్వం నుంచి ఫీజు బకాయి రాలేదని చెప్పి, చివరి సంవత్సరం మొత్తం మేము కట్టేదాకా మార్కుల జాబితా ఇవ్వలేదు. వడ్డీకి తెచ్చి కట్టాం. మా దగ్గర కొన్నేళ్లు ఆ డబ్బు తల్లి ఖాతాలో వేశారు, ఇప్పుడు మళ్లీ నేరుగా కళాశాలకే వేస్తామంటున్నారు. ఎవరి ఖాతాలో వేసినా ఆలస్యమైతే నలిగేది విద్యార్థే. అమ్మా, మీరు బీబీఏ గురించి చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ ‘రూపాయి కట్టనక్కరలేదు’ అన్న మాట కాగితం మీద రాసి ఇచ్చిన కళాశాలను నేను ఇంతవరకు చూడలేదు.

ఓపెన్ డిగ్రీ చదివినవాడు, వరంగల్:

దుకాణం యజమాని సలహాను ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి దాని గురించి రెండు మాటలు. నేను హోల్‌సేల్ కిరాణా కొట్లో గుమాస్తాగా పనిచేస్తూ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగు మాధ్యమంలో బీకాం పూర్తి చేశాను. 1982లో మొదలైన ఈ విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చే దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. కనుక విలువ లేదనే మాట నమ్మకండి. అయినా మీ చెల్లికి మాత్రం నేను దీన్ని సూచించను. పగలంతా కొట్లో నిలబడి రాత్రి అకౌంట్స్ పుస్తకం తెరవడం ఎంత కష్టమో నాకు తెలుసు; నాతో చేరినవారిలో చాలామంది మధ్యలోనే వదిలేశారు. పైగా దూరవిద్యకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. రెగ్యులర్‌గా చదివే దారి ఏ మాత్రం ఉన్నా ముందు అదే చూడాలి.

కామర్స్ అధ్యాపకుడు, కరీంనగర్:

అమ్మా, మాట్లాడే అవకాశం గురించి మీరన్నది నేను కాదనలేను. ప్రభుత్వ కళాశాలల్లో ఆ లోటు ఉంది. కానీ దాని కోసం ఆ కుటుంబం అప్పు చేయాలా అన్నదే నా ప్రశ్న. వసతి గృహంలో సీటు దొరుకుతుందో లేదో కళాశాలలో చేరిన తరువాతే తెలుస్తుంది; దొరకని పక్షంలో వెనక్కి రావడానికి దారి ఉండదు. సరస్వతి స్కాలర్‌షిప్ కూడా పోటీ మీద వచ్చేదే తప్ప చేరిన ప్రతి అమ్మాయికీ వచ్చేది కాదు.

తమ్ముడూ, మీ ఇంటికి సరిగ్గా సరిపోయే రెండు పథకాలు చెబుతాను. ఇంటర్ బోర్డులో తన విభాగంలో 80వ పర్సంటైల్ దాటిన (అంటే నూటికి ఎనభై మంది కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న) విద్యార్థికి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, మెరిట్ మీద ఎంపికైతే, కేంద్ర ప్రభుత్వం డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా విద్యార్థి ఖాతాలోనే వేస్తుంది. ఇందులో సగం అమ్మాయిలకే కేటాయించారు. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. అయితే దీన్ని తీసుకుంటే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకోకూడదు. పెద్ద ఫీజున్న ప్రైవేటు కళాశాలలో ఈ షరతు నష్టం. ప్రభుత్వ కళాశాలలో ఫీజు తక్కువ గనుక, అది చేతి నుంచి కట్టేసినా ఈ 12,000లో మంచి భాగం మిగులుతుంది. ఆ మిగులుతోనే టాలీ, ఇంగ్లీషు నేర్చుకోవచ్చు. పర్సంటైల్ రాకపోతే, బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకార వేతనం అదే పోర్టల్‌లో ఉంది. దానికి మీ అమ్మగారి బీడీ కార్మికుల గుర్తింపు కార్డు కావాలి. ఉందో లేదో ఈ రోజే చూడండి, లేకపోతే కార్ఖానా ద్వారా అడగండి.

మెట్‌పల్లి అన్నయ్య:

సార్, అమ్మకు కార్డు ఉంది. బీరువాలో పీఎఫ్ కాగితాలతో పాటు దొరికింది కానీ, దాని మీద పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. దాన్ని సరిచేయించడానికి సోమవారం వెళ్తాం. ఈ చర్చంతా చెల్లికి చదివి వినిపించాను. హైదరాబాదు మేడమ్ గారు చెప్పిన మాటలు విన్నప్పుడు దాని ముఖం వెలిగింది, అది నేను దాచను. అందుకని ఒక ప్రశ్న: వెబ్ ఆప్షన్లలో రెండూ పెట్టవచ్చా?

హెచ్‌ఆర్ ఉద్యోగిని, హైదరాబాద్:

పెట్టవచ్చు, తమ్ముడూ. మీరు ఇచ్చిన క్రమంలోనే కేటాయింపు జరుగుతుంది కాబట్టి ఆ క్రమం మాత్రం జాగ్రత్తగా ఆలోచించి పెట్టండి. నగరంలోని ప్రభుత్వ కళాశాలల బీబీఏ మొదట పెట్టి, జగిత్యాల బీకాం తరువాత పెట్టమని నా సలహా. ఈలోగా బీసీ సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లి, కళాశాల వసతి గృహానికి ఎప్పుడు, ఎలా దరఖాస్తు చేయాలో కనుక్కోండి. ప్రైవేటు కళాశాలను జాబితాలో చేర్చవద్దని సార్ అంటే, ఆ ఒక్క విషయంలో నేనూ ఆయనతో ఏకీభవిస్తాను.

కామర్స్ అధ్యాపకుడు, కరీంనగర్:

నా క్రమం దీనికి తలకిందులుగా ఉంటుంది: జగిత్యాల బీకాం మొదటిది. వసతి గృహం సీటు ఖాయమని ఎవరైనా అధికారి రాతపూర్వకంగా చెబితే తప్ప నా మాట మారదు. చెల్లెమ్మ చేతనే ఆప్షన్లు పెట్టించండి. ఆదాయ ధ్రువపత్రం మాత్రం మీసేవలో ముందుగానే తీసుకోండి. బీసీలకు గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు పరిమితి. మీ ఇల్లు మున్సిపాలిటీ పరిధిలోకి వస్తుందో, గ్రామ పంచాయతీలో ఉందో చూసుకుని దరఖాస్తులో సరిగ్గా నింపండి.