అప్‌డేట్: క్లినికల్ సైకాలజీ ఫ్యాకల్టీ ఇంటర్వ్యూ అయిపోయింది

అమెరికాలో ఒక యూనివర్సిటీ, వైవిధ్యం, సంస్కృతి మీద పనిచేసే అసిస్టెంట్ ప్రొఫెసర్ కోసం చూస్తోందనీ, తెలుగు కుటుంబాలతో నేను చేసిన పని గురించి ఇంటర్వ్యూలో చెప్పాలా వద్దా అనీ పోయిన నెల అడిగాను. చెప్పమన్నారు. చెప్పాను.

డిప్రెషన్ అనే మాటే వాడకుండా "ఒళ్లంతా మంటలు, గుండె దడ" అనే పెద్దావిడని ఎలా అడగాలి అన్న దగ్గరే ఎక్కువసేపు ఆగాను. మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి వాడే అమెరికన్ మాన్యువల్ డీఎస్‌ఎం-5 (2013లో వచ్చింది)లో దీనికోసమే 16 ప్రశ్నల కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ ఉంది, అంటే తన బాధని మనిషి తన సంస్కృతిలో ఎలా చూస్తున్నారో అడిగి తెలుసుకునే ప్రశ్నలు. మీ బాధని ఇంట్లోవాళ్లకి ఏమని చెప్తారు అన్నది అందులో ఒకటి. దాన్ని పీహెచ్‌డీ విద్యార్థులకి ఎలా నేర్పుతానో చూపించాను. కమిటీకి బాగా నచ్చింది.

నల్లజాతి విద్యార్థులకి మెంటరింగ్ ఎలా చేస్తారని అడిగినప్పుడు మాత్రం నా జవాబు పలచగా ఉంది. దానికి ముందే సిద్ధమవ్వాల్సింది, మీలో ఎవరైనా వెళ్తుంటే తప్పక చూసుకోండి.

నిన్న ఆఫర్ వచ్చింది! అందరికీ థాంక్స్ అండీ.