టమాటాకు అడుగు ఆకులపై మచ్చలు, చివరి ఆకులకు ముడత: రెండూ ఒకే తెగులా?

ప్రశ్న:
నమస్కారం. విజయవాడలో మా మిద్దె మీద కుండీల్లో టమాటా పెంచుతున్నాము. పూత వచ్చి, కొన్నిటికి పిందెలు కూడా దిగాయి. వారం పాటు ముసురు పట్టిన తరువాత కొన్ని మొక్కల అడుగు ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు ఏర్పడి, వాటి చుట్టూ పసుపు పచ్చగా మారి, ఆకులు ఎండిపోతున్నాయి. గోడ వైపున ఉన్న రెండు మొక్కలకు మచ్చలేమీ లేవు కాని, చివరి ఆకులు చిన్నవైపోయి, దొప్పల్లా పైకి ముడుచుకొని, ఎదుగుదల ఆగిపోయింది. ఒకరు ఎప్సమ్ సాల్ట్ అంటున్నారు, మరొకరు యూరియా అంటున్నారు. కాయలున్న మొక్కల మీద మందు కొట్టవచ్చునా?

మొదటి సమాధానం:
మీరు చెప్పినవి రెండు వేర్వేరు తెగుళ్లండీ. మచ్చలున్న ఆకును వెలుతురులో పట్టుకొని చూడండి. మచ్చలో ఒకదానిలో ఒకటిగా వలయాలు కనిపిస్తే అది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమాడు తెగులు. ఇది ముదురు ఆకులతో మొదలై పైకి పాకుతుంది. మెగ్నీషియం లోపమైతే ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం మాత్రమే పసుపుబారుతుంది, వలయాల మచ్చలు ఉండవు. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేటే, కాబట్టి దానితో ఇక్కడ పని లేదు. యూరియా అసలే వద్దు, లేత చిగుళ్లు ఎక్కువై రసం పీల్చే పురుగులను పిలిచినట్లవుతుంది.

మచ్చల ఆకులను తుంచి మిద్దె దాటించండి, ఎరువుల తొట్టిలో వేయకండి. నీళ్లు ఆకుల మీద పడకుండా మొక్క మొదట్లోనే, అదీ ఉదయం పూటే పోయండి. మచ్చలు ఇంకా పైకి పాకుతుంటే మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశని మందును లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి పిచికారీ చేయవచ్చు. అయితే పండినవి ముందే కోసుకొని, మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలని ప్యాకెట్ మీద రాసి ఉందో అన్ని రోజులు గడిచే వరకు మిగతా కాయలను ముట్టుకోకూడదు. కొందరు చల్లే పుల్ల మజ్జిగ మీద, తెగులు ఇంత దూరం వచ్చాక, నాకు నమ్మకం లేదు.

రెండవ సమాధానం:
ముడత విషయానికి వస్తే, ఆ రెండు కుండీలను మెల్లగా కదిలించి చూడండి. ఆకుల అడుగు నుంచి సన్నని తెల్లటి పురుగులు లేస్తే అవి తెల్లదోమలు, ముడత వాటి ద్వారా వచ్చిన వైరస్ వల్లనే అయి ఉండవచ్చు. ఎండ వేడికి కూడా ఆకులు ముడుచుకుంటాయి కాని, అప్పుడు ఆకు పరిమాణం తగ్గదు, చిగురు ఆగదు. వైరస్‌కు మందు లేదు. దుకాణంలో ఏది అమ్మినా అది దోమ మీద పనిచేసేదే.

అడిగినవారు:
వలయాలు స్పష్టంగా ఉన్నాయి. కుండీ కదిలిస్తే దోమలు కూడా లేచాయి. అయితే ఆ రెండింటిలో ఒక దానికి ఉసిరికాయంత కాయలున్నాయి, పీకడానికి మనసు రావడం లేదు.

రెండవ సమాధానం ఇచ్చినవారు:
కాయలు లేని మొక్కను ఆలస్యం చేయకుండా తీసేయండి. తెల్లవారుజామున దోమలు మందకొడిగా ఉన్నప్పుడు, మొక్క మీద పెద్ద ప్లాస్టిక్ సంచి కప్పి, మూతి బిగించి, ఆ తరువాతే పీకాలి. లేకపోతే అవన్నీ లేచి పక్క మొక్కల మీద వాలుతాయి. కాయలున్నదాన్ని దూరంగా, దోమ తెరలో ఉంచి ఆ కాపు తీసుకోవచ్చు, ఆ కాయలు తినడానికి ఇబ్బంది లేదు. మిగతా మొక్కల దగ్గర పసుపు జిగురు అట్టలు కట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా చల్లండి. మీ మిద్దె మీద మిరప, వంగ ఉంటే వాటి ఆకుల అడుగు కూడా తిరగేసి చూడండి.

ఈ వైరస్ మట్టిలో నిలవదు, కాబట్టి ఆ కుండీ మట్టిని మళ్లీ వాడుకోవచ్చు. ఆకుమాడు వచ్చిన కుండీల్లో మాత్రం రాలిన ఆకులన్నీ ఏరివేసి, వచ్చే కాపుకు టమాటా, వంగ కాకుండా తోటకూరో బెండో వేయండి. మళ్లీ టమాటా నారు తెచ్చుకునేటప్పుడు, దొరికితే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ అడగండి. ఆకుముడత, ఆకుమాడు రెండింటినీ తట్టుకునే రకమది.