పెండిల్‌బరీ ఇంకా ఎన్ని సీజన్లు ఆడగలడంటారు?

అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌లో ఉంటాను, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (ఇక్కడ ‘ఫుటీ’ అంటాం) జట్టు కాలింగ్‌వుడ్‌కి అభిమానిని. మా స్కాట్ పెండిల్‌బరీ 1988 జనవరిలో పుట్టాడు. 2006లో తొలి మ్యాచ్, 2024లో 400వ మ్యాచ్ ఆడాడు. ఇప్పుడు అతను కింద పడ్డ ప్రతిసారీ నాకు టెన్షనే.

ఫుటీలో మిడ్‌ఫీల్డర్ ఒక్క మ్యాచ్‌లో పది కిలోమీటర్లకు పైగానే పరిగెత్తాలి, పైగా హెల్మెట్, ప్యాడ్లు లేకుండా ఒంటి మీద దెబ్బలు కాయాలి. ఎసెండన్ ఆటగాడు డస్టిన్ ఫ్లెచర్ 40 ఏళ్లు వచ్చినా ఆడాడు కానీ, అతను డిఫెండర్. బ్రెంట్ హార్వీ 432 మ్యాచ్‌లు ఆడి 2016లో, 38 ఏళ్లకు ఆగాడు. అదీ అతని జట్టు నార్త్ మెల్‌బోర్న్ కొత్త కాంట్రాక్ట్ ఇవ్వకపోవడం వల్లే.

పెండిల్‌బరీ బలం ఎప్పుడూ వేగం కాదు. బాస్కెట్‌బాల్ నుంచి వచ్చినవాడు కదా, చుట్టూ నలుగురు కమ్ముకున్నా బంతి చేతిలో ఉంటే తొందరపడడు. అదే ఇన్నేళ్లు కాపాడిందని నా నమ్మకం.

ఈ ఆట ఆడినవాళ్లు, ఫిజియోలు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ వయసులో ముందు మొరాయించేది తొడ కండరాలా, పిక్కలా, లేక వారం తిరిగేలోపు కోలుకునే శక్తా? అతన్ని హాఫ్ బ్యాక్‌కి (వెనక డిఫెన్స్‌లో ఆడే స్థానం) మారిస్తే నిజంగా ఇంకో సీజన్ కలిసొస్తుందా?