యుద్ధంలో సమురాయ్ అసలు ఆయుధం కటానాయేనా?

కత్తిపిచ్చి: సమురాయ్ (పాతకాలపు జపాన్ యోధుడు) అనగానే మనకి గుర్తొచ్చేది కటానా అనే కత్తి. మొన్న ఆఫీసులో ఒకాయన "అది షో కత్తి, యుద్ధాలన్నీ విల్లూ ఈటెలతోనే" అని కొట్టిపారేశాడు. నిజమేనా?

మంజీర_తీరం: చాలావరకు నిజమే. పాతకాలంలో సమురాయ్ విద్యని "గుర్రం, విల్లు మార్గం" అనేవారు. ఆ పేరులో కత్తి ఊసే లేదు. తర్వాత ఈటె పైచేయి అయింది. 1543లో పోర్చుగీసువాళ్లతో తనెగషిమా దీవికి తుపాకులొచ్చాయి. 1575 నగషినో యుద్ధంలో ఆ తుపాకులదే పేరు.

ఉక్కుబాబు: ముందు ఏ కత్తి గురించి మాట్లాడుతున్నారో తేల్చండి. గుర్రం మీద వాడింది తాచి. దాన్ని వాదర కిందికి ఉండేలా నడుముకి వేలాడదీసేవారు. కటానా తర్వాతది. వాదర పైకి ఉండేలా నడికట్టులో దోపుకుంటారు, దూసిన ఊపులోనే వేటు వెయ్యొచ్చు. నేలమీద కలబడేవాడికి ఆ అర క్షణమే ప్రాణం.

ఉయెనోలో టోక్యో నేషనల్ మ్యూజియంకి వెళ్లినప్పుడు ఒక కత్తి వాదర కిందికి, పక్కది పైకి ఉంటే ఎవరో తిరగేసి పెట్టారనుకున్నాను! తాచిని అలాగే పెడతారట. ఇంకో గుర్తు, పిడిలో దాగే కొస మీద కమ్మరి చెక్కిన పేరు. మామూలుగా ధరించినప్పుడు బయటికుండే వైపే చెక్కుతారు కాబట్టి తాచికి ఒకవైపు, కటానాకి రెండోవైపు ఉంటుంది.

మంజీర_తీరం: బాగుందండీ, కానీ అది ధరించే పద్ధతి. ప్రధాన ఆయుధం అనడానికి రుజువేది?

ఉక్కుబాబు: ప్రధానమని నేననలేదు. ఈటె విరిగినా, గుర్రం కూలినా నడుమున ఉన్నదే దిక్కు. పాత పొడుగు తాచిల్ని పిడిలో దాగే కొస వైపు కోసి, పొట్టి చేసి కటానాలుగా మార్చుకున్నారు. ఆ కోతలో కమ్మరి పేరే పోయిన కత్తులు ఎన్నో. షో కోసమైతే పేరు పోగొట్టుకుంటారా?

కొత్తసభ్యుడు: మన తెలంగాణ కోనసముద్రం ఉక్కు ముందు ఇవి ఆగుతాయా బ్రో?

ఉక్కుబాబు: అది మూసలో కరిగించిన ఉక్కు, ఇది ఇనుప ఇసుకని తతర కొలిమిలో కాల్చి తీసింది. వేరే థ్రెడ్ పెట్టు బాబూ.

కత్తిపిచ్చి: మరి కటానాతో పాటు పెట్టుకునే పొట్టి కత్తి వకిజాషి? రెండు కత్తులు దేనికి?

మంజీర_తీరం: కటానా వాదర పొడవు రెండు షకులు (షకు పాత జపాన్ కొలత), అంటే 60 సెంటీమీటర్ల పైమాట. వకిజాషి ఒకటి నుంచి రెండు షకులు. ఒక షకు లోపుంటే తాంతో, దగ్గరగా పొడవడానికి. ఎవరింటికైనా వెళ్తే కటానా తీసి పక్కన పెట్టాలి, వకిజాషి నడుమునే ఉంటుంది. ఆ జంట కత్తులు ఎడో యుగంలో (1603–1868) సమురాయ్ హోదాకి గుర్తు. అప్పుడు పెద్ద యుద్ధాలు దాదాపు లేవు. 1876లో ప్రభుత్వం కత్తి ధరించడాన్ని నిషేధిస్తే మాజీ సమురాయ్‌లకి మండింది ఆ హోదా పోయిందనే. మీ ఆఫీసాయన "షో" అన్నది ఆ కాలానికైతే నేను కాదనను.

ఉక్కుబాబు: ఆ కాలానికైతే ఓకే. అంతకుముందు వందేళ్లకి మాత్రం ఒప్పుకోను.