ఒదొరు అహో ని… ఈ ‘ని’ ఏ విభక్తి?

లఘువు: జపాన్ అవా ఒదొరి నాట్యంలో పాడే ముక్క, సగమే గుర్తుంది. ‘ఒదొరు అహో ని మిరు అహో, ఒనజి అహో నర…’ చివర ‘సొన్ సొన్’. ‘ఆడే వెర్రివాణ్ణి చూసే వెర్రివాడు’ అనేగా? అహోకి వెర్రివాడు నప్పుతుందా, పిచ్చోడా?

అరసున్న: జారిపోయింది ‘ఒదొరన్య’. ‘ఒదొరనెబ’ అరిగి అలా అయింది, ఆడకపోతే అని. ఇక ఆ ‘ని’ మన ద్వితీయ కాదండీ. ‘మిరు’కి కర్మ కావాలంటే అక్కడ ‘ఒ’ రావాలి. ఇది సముచ్చయం: ఆడే వెర్రివాడూ, చూసే వెర్రివాడూ. ఎలాగూ ఇద్దరిదీ ఒకే వెర్రి, ఆడకపోతే దండగే దండగ.

యతిభంగం: అర్థం సరే, ‘ని’ తీసేస్తే నడకే కూలుతుంది. ఒదొరు 3 మాత్రలు, అహోని 4. అచ్చంగా గురజాడ ముత్యాలసరం! ‘ఒదొరహో’ అని సంధి చేశారో, ఒక మాత్ర పోయినట్టే.

నిఘంటువు: ముత్యాలసరం పాదం 3+4, 3+4. అదే నాట్యంలో పాడే యొషికొనొ అనే పాట చూడండి: ‘అవ నొ తొనొసమ’ 3+4, వెంటనే ‘హచిసుక సమ గ’ 4+3. తిరగబడింది కదా? పైగా మన గురులఘువులు అక్కడ చెల్లవు. ‘ఒదొరన్య’లో ‘న్య’ ముందున్న ‘ర’ మనకి గురువు, మొత్తం 5. వాళ్ళకి ‘న్య’ ఒకే మాత్ర, ‘ర’ లఘువే, మొత్తం 4.

యతిభంగం: నడక అన్నాను, ఛందస్సు అనలేదు. గురజాడ కూడా జనం నోటి నడకనే పట్టుకున్నాడు.

అరసున్న: జనం నోరు సరే, కాళ్ళో? తాళం రెండు దెబ్బలదే. కుడి కాలితో కుడి చెయ్యి, ఎడమ కాలితో ఎడమ చెయ్యి. మామూలు నడకలా ఎదురు చెయ్యి ఊపితే నడుం మెలి తిరుగుతుంది, వరస చెడుతుంది. ఆడవాళ్ళ గెత చెప్పులకి (కింద రెండు పళ్ళుండే చెక్క చెప్పులు) ముందు పన్ను మాత్రమే నేలకి ఆనాలి. మడమ దిగిందా, ఒళ్ళు ముందుకి వాలిన వాటం పోతుంది. మగవాళ్ళు మోకాళ్ళు మడిచి, నడుం బాగా దించి ఆడాలి. ఆగస్టు 12 నుంచి 15 దాకా ఈ నాట్యం సొంతూరు తొకుషిమా వీధుల్లో 3+4 ఎవరు లెక్కపెడతారు?

నిఘంటువు: అహో సంగతి వదిలేశారు. ఒసాకా వైపు అహో మెత్తని తిట్టు, అదే అర్థమున్న బక ఘాటు, తోక్యోలో తారుమారు. 1957లో తోక్యో కొఎంజిలో ఈ ఆట మొదలెట్టినప్పుడు పేరే ‘బక ఒదొరి’.

లఘువు: అయితే వెర్రివాడేనా?

యతిభంగం: వెర్రివాడు 6 మాత్రలు, బరువెక్కువ. ‘ఆడు వెర్రీ, చూచు వెర్రీ’ అనండి. 3+4, 3+4!

నిఘంటువు: ‘మిరు అహో’ 5 మాత్రలే, మీరు 2 కలిపారు. పైగా వెర్రి గుణం, మనిషి కాదు.

అరసున్న: ‘వెర్రీ’ అంటే సంబోధన కూడా అవుతుంది. ఎవర్ని పిలుస్తున్నట్టు?