అనలైజర్ మొరాయించక ముందే పసిగట్టడం ఎలా?

ప్రశ్న:
మా బాయిలర్ చిమ్నీకి ఎన్‌డీఐఆర్ రకం (పరారుణ కాంతిని వాయువు ఎంత పీల్చుకుందో చూసి కొలిచేది) సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, అనలైజర్ ఉంది. రోజూ తెల్లవారుజామున ఆటో కాలిబ్రేషన్ (తెలిసిన గ్యాస్‌తో తనంతట తానే రీడింగ్ సరిచూసుకోవడం) అవుతుంది, ప్రతిసారీ పాస్. మొన్న ఉన్నట్టుండి స్పాన్ (తెలిసినంత సీఓ ఉన్న గ్యాస్‌తో చేసే పరీక్ష) ఫెయిల్ అలారం వచ్చింది. విప్పి చూస్తే సెల్ (కాంతి గ్యాస్ గుండా వెళ్లే గది) అద్దం మీద పల్చటి తెల్లపొర. గోటితో గీరితే పొడిలా రాలింది. ఒక్క రాత్రిలో పట్టిన పొర కాదది. మరి ఇన్నాళ్లూ నాకెందుకు తెలియలేదు? డయాగ్నస్టిక్ మెనూలో బోలెడు అంకెలున్నాయి, వేటి మీద కన్నేయాలి?

జవాబు 1:
ఆటో కాలిబ్రేషనే దాన్ని దాచిపెట్టిందండీ. సిగ్నల్ పడిపోయిన కొద్దీ అది స్పాన్ ఫ్యాక్టర్‌ను (రీడింగ్‌ను గుణించే అంకెను) సవరించి రీడింగ్‌ను సరిచేస్తూ పోతుంది. ఆ సవరణ హద్దు దాటిన రోజునే ఫెయిల్ అంటుంది. కాబట్టి పాస్ అయిందా లేదా అన్నది కాదు, ఎంత సవరించిందో రాసుకోండి.

దానితోపాటు జీరో గ్యాస్ వెళ్తున్నప్పుడు డిటెక్టర్ రా సిగ్నల్ (ఏ సవరణా చేయనిది) చూడండి. అప్పుడు సెల్‌లో సీఓ ఉండదు కాబట్టి, ఆ అంకె తగ్గిందంటే సోర్సో (కాంతినిచ్చే భాగమో), అద్దమో, డిటెక్టరో అలిసిపోతున్నట్టే. రిఫరెన్స్ సెల్ (పోలిక కోసం పెట్టేది, శాంపిల్ గ్యాస్ దీనిలోకి వెళ్లదు) విడిగా ఉన్న మోడల్ అయితే ఇంకా తేలిక: రెండు సిగ్నళ్లూ కలిసి తగ్గితే సోర్స్‌ను అనుమానించండి, కొలిచే వైపు ఒక్కటే తగ్గితే సెల్ మురికి.

ఒకసారి ఫ్యాక్టర్ ఒక్క రోజులో గెంతితే, సోర్స్ పోయిందని మార్చేశాను. తీరా చూస్తే ముందురోజు స్పాన్ సిలిండర్ మార్చారు. అప్పట్నుంచి సిలిండర్, ఫిల్టర్ మార్చిన ప్రతి తేదీనీ గ్రాఫ్ మీదే నిలువు గీత గీసి రాస్తున్నాను. మెల్లగా వాలే గీతకూ, ఒక్కసారిగా గెంతే గీతకూ కారణాలు వేరు.

జవాబు 2:
తెల్లపొర అంటే నాకు కూలరే (శాంపిల్ గ్యాస్‌ను చల్లబరిచి తేమ తీసేది) గుర్తొస్తుంది. దాటిపోయిన తేమ ఆరాక మిగిలే ఉప్పులు అలాగే ఉంటాయి. కూలర్ టెంపరేచర్ 4 డిగ్రీలే చూపిస్తున్నా నమ్మకండి, నీళ్లు బయటికి తోడే పెరిస్టాల్టిక్ పంపు ట్యూబ్ చూడండి. రోలర్లు నొక్కే చోట చదునుగా అతుక్కుపోతే నీరు కదలదు, పొంగి శాంపిల్ లైన్లోకే వస్తుంది.

జవాబు 3:
గ్యాస్ మార్చాక రీడింగ్ 90 శాతానికి చేరడానికి పట్టే సెకన్లు కూడా రాసుకోండి. ఫిల్టర్ మూసుకుపోతుంటే ముందు ఇది సాగుతుంది. జిర్కోనియా ఆక్సిజన్ ప్రోబ్ ఉంటే దానిలోని సెల్ (ఆక్సిజన్‌ను పసిగట్టే భాగం) రెసిస్టెన్స్ చూడండి. సెల్ ముసలిదవుతున్న కొద్దీ పెరుగుతుంది. చల్లగా ఉన్నా ఎక్కువే చూపిస్తుంది కాబట్టి ఎప్పుడూ ఒకే టెంపరేచర్ దగ్గర పోల్చాలి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ థాంక్స్ అండీ. పాత కాలిబ్రేషన్ లాగ్ తీసి గీశాను. స్పాన్ ఫ్యాక్టర్ 38 రోజుల్లో 1.01 నుంచి 1.14కి ఎక్కింది, ఒక్క రోజు కూడా వెనక్కి తగ్గలేదు. పంపు ట్యూబ్ కూడా విప్పాను. రోలర్ల కింద అట్టముక్కలా ఉంది.