సిండ్రెల్లా కాలికి కిర్రు చెప్పు తొడిగితే కథ చెడిపోతుందా?

చిట్టిబొమ్మల నల్లగొండ:
అందరికీ నమస్తే. నేను కథలను చిన్న బొమ్మలుగా చేస్తాను. అసలు వస్తువు అడుగు ఉంటే నా బొమ్మ అంగుళం ఉంటుంది. మొన్న మా అమ్మమ్మ సందూకలో సిండ్రెల్లా కథను మూడు దృశ్యాలుగా పేర్చాను. మొదటి దాంట్లో పిల్ల కట్టెల పొయ్యి ముందు కూర్చొని బూడిదతో గిన్నెలు తోముతుంటుంది. ఆమె పేరే పొయ్యిలోని బూడిద నుంచి వచ్చింది కదా. ఆ బూడిద మా ఇంటి పొయ్యిలోదే. పాత చీర ముక్కతో రెండుసార్లు జల్లించాను. ఒక్కసారి జల్లిస్తే ఆ కొలతలో పలుకులు కంకర రాళ్లలాగ కనిపించాయి. రెండో దృశ్యంలో గుమ్మడికాయ బండికి బదులు, మా పెరట్లో గిడసబారి తీగ మీదే ఎండిపోయిన సొరకాయతో బండి చేశాను. మూడోది గడీ మెట్లు, అంటే ఊరి దొర ఉండే కోటలాంటి ఇంటి మెట్లు. మెట్ల మీద రాజకుమారుడు గాజు చెప్పు బదులు తోలు కిర్రు చెప్పు పట్టుకొని నిలబడ్డాడు.

క్లాక్ టవర్ దగ్గర ఒక హాల్లో రెండు రోజులు ప్రదర్శనకు పెట్టాను. రెండో రోజు ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "పిల్లలకు తప్పు కథ చెబుతున్నావమ్మా. వాళ్లది చేస్తే వాళ్లలాగే చెయ్యి, లేదంటే మనది చెయ్యి. ఇట్ల కలపొద్దు" అని వెళ్లిపోయాడు. ఆయన కోపంతో అనలేదు. అందుకే ఆ మాట ఇంకా మనసులో తిరుగుతోంది. మీరు చెప్పండి, చెప్పు మారిస్తే కథ మారినట్టేనా?

మిర్యాలగూడ కథలపిచ్చి:
అక్కా, ప్రదర్శనకు నేనూ వచ్చాను. మీ చేతిపనికి వంక పెట్టను. పొయ్యి పక్కన గోడకు పొగచూరిన మరక చూసి మా ఇల్లే గుర్తొచ్చింది. కానీ ఆ పెద్దాయన మాటలో న్యాయం ఉంది. ఆ కథకు ఇరుసు గాజు చెప్పే. గాజు సాగదు. ఊరంతా తిరిగినా ఒక్క కాలికే పడుతుంది, అందుకే రాజకుమారుడికి ఆ పిల్ల దొరుకుతుంది. తోలు సాగుతుంది కదా. కొత్త చెప్పులు కరిస్తే నూనె రాసి నాలుగు రోజులు తొడిగితే ఎవరి కాలికైనా సరిపోతాయి. అప్పుడు ఆ సవతి అక్కలకు ఎందుకు పట్టలేదు? మీరు మార్చింది చెప్పు కాదు, కథకు ఉన్న కారణం.

ఇంకో మాట. విండ్సర్ కోటలో క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఉంది, 1924 నాటిది. మీరు వాడే కొలతే. కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, లైబ్రరీలో ఆ కాలపు రచయితలు చేత్తో రాసిచ్చిన బుల్లి పుస్తకాలు ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చిన్నగా చెయ్యడంలోనే దాని గొప్ప అంతా. నా దృష్టిలో ఈ కళకు అదే ధర్మం.

సూర్యాపేట పుస్తకాలమ్మ:
ఉన్నది ఉన్నట్టు అంటున్నావు గదా తమ్మీ, సిండ్రెల్లా కథలో "ఉన్నది" ఏది? గాజు చెప్పు, గుమ్మడికాయ బండి మనకు ఫ్రాన్స్ రచయిత షార్ల్ పెర్రో 1697లో అచ్చు వేసిన కథ నుంచి వచ్చాయి. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో వేసిన కథ చూడు. అందులో గుమ్మడికాయ లేదు, మంత్రదండం పట్టుకున్న దేవత లేదు. తల్లి సమాధి మీది చెట్టే ఆ పిల్లకు బట్టలిస్తుంది. చెప్పు బంగారంది. వీళ్లందరికంటే ముందు, తొమ్మిదో శతాబ్దంలోనే చైనాలో ఇలాంటి కథ రాసిపెట్టారు. అక్కడ సవతి తల్లి చంపిన చేప ఎముకలు ఆ పిల్లకు సాయం చేస్తాయి. అక్కడా బంగారు చెప్పే. ఏ ఊరికి పోతే ఆ ఊరి చెప్పు తొడుక్కొని నడిచిన కథ ఇది. మన ఊరికి వచ్చినప్పుడే ఎందుకు ఆపాలి?

మిర్యాలగూడ కథలపిచ్చి:
అమ్మా, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒకటి గమనించండి. బంగారం కూడా సాగదు. గ్రిమ్ కథలో చెప్పు పట్టించడానికి ఒక అక్క వేలు కోసుకుంటుంది, ఇంకో అక్క మడమ కోసుకుంటుంది. చెప్పు సాగదు కాబట్టే కాలు కోసుకోవాల్సి వచ్చింది. దేశాలు మారినా ఆ బిగువు మారలేదు. తోలుతో అది పోతుంది.

పుట్టపాక మగ్గం:
చెప్పు సంగతి నాకు తెల్వదు, బట్ట సంగతి చెప్తా. అక్కా, మీరు పెట్టిన ప్రదర్శన ఫొటో పెద్దది చేసి చూసిన. విందుకు వెళ్లేటప్పుడు పిల్లకు కట్టింది తేలియా రుమాలు అని చీటీ మీద రాశారు. అది ప్రింటు. కొంగు మడత పడ్డ చోట లోపలి వైపు వెలిసిపోయి ఉంది చూడండి. మేం నూలుకు ముందే కట్లు కట్టి రంగులో ముంచుతం, అందుకే డిజైన్ రెండు వైపులా కనబడ్తది. తేలియాకైతే ఆముదం కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికి ఎండబెట్టాలె. ఆ నూనె వాసన వల్లనే ఆ పేరు. 2020లో జీఐ గుర్తింపు, అంటే ఈ నేత మా ఊరిదే అనే ముద్ర, వచ్చింది. ప్రింటు వాళ్లు మా డిజైన్ ఎత్తుకుపోయి పావు ధరకు అమ్ముతుంటే మా మగ్గాలు ఆగుతున్నయి. కథ మీరు ఎట్లయినా మార్చుకోండి. ప్రింటుకు మాత్రం మా పేరు పెట్టకండి, చాలా బాధ అయితది.

చిట్టిబొమ్మల నల్లగొండ:
అన్నా, తప్పు నాదే. దుకాణంలో తేలియా అంటే నమ్మి తెచ్చాను, తిప్పి చూడలేదు. చీటీ ఇప్పుడే తీసేశాను. అసలు తేలియా ముక్క దొరికినా ఒక ఇబ్బంది ఉంది. రుమాలు మీద అంగుళం గడి నా పిల్ల ఒంటి మీద అడుగు గడిలాగ కనిపిస్తుంది. ఏం చెయ్యాలి?

పుట్టపాక మగ్గం:
గడి వద్దు. అంచు పక్కన సన్న ఎరుపు, నలుపు పట్టీలు ఉంటయి గదా, ఆ ముక్క తీసుకోండి. గంజి పల్చగా పెట్టి తడి మీదనే కుచ్చిళ్లు గుండుసూదులతో పట్టి ఆరనివ్వండి, లేకపోతే అంత చిన్న బొమ్మ మీద బట్ట డేరాలాగ నిలబడ్తది. మగ్గం మీద కోసినప్పుడు మిగిలే ముక్కలు నా దగ్గర ఉన్నయి, పంపిస్త.

పాలమూరు పంతులు:
నేను ప్రభుత్వ బడిలో చెబుతాను. పెద్దాయన "మనది చెయ్యి" అన్నారు కదా, మనది చేసినా ఇదే పేచీ వస్తుందని చెప్పడానికి రాస్తున్నాను. సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారని చెప్పినప్పుడు మా పిల్లలకు ఉత్సాహం వచ్చి, ఏడు చేపల కథను అగ్గిపెట్టెల్లో చేద్దాం సార్ అన్నారు. పుచ్చగింజలే చేపలు. ఆరింటికి బూడిద రంగు వేశారు, ఏడోది ఇంకా తడిగా మెరవాలని దానికి జిగురు పూశారు. గడ్డిమేటు, ఆవు, పశులకాపరి, అవ్వ, ఏడ్చే పిల్లాడు, చీమ, ఒక్కొక్కరికి ఒక్కో పెట్టె. చీమ పుట్టకు చాక్లెట్ బంగారు కాగితం చుట్టారు.

ఐదో తరగతి అమ్మాయి ఒకరు అవ్వ పెట్టె తెచ్చింది. తెరిస్తే అవ్వ చేతిలో అన్నం పళ్లెం ఉంది. ఆవాలంత మెతుకులు కూడా అంటించింది. కథలో అవ్వ కాపరికి బువ్వ పెట్టలేదు కదమ్మా అన్నాను. "మా అవ్వ ఎప్పుడూ పెడ్తది సార్" అంది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు బొంబాయి పనికి పోయారు. పాలమూరులో అవ్వల చేతుల మీద పెరిగే పిల్లలు ఎంతమందో మీకందరికీ తెలుసు. ఇప్పుడు అవ్వ బువ్వ పెడితే కాపరి ఆవును విడుస్తాడు, ఆవు గడ్డి మేస్తుంది, చేప ఎండిపోతుంది, కథే ఉండదు. మిర్యాలగూడ తమ్ముడు చెప్పిన ఇరుసు విరగడం అంటే ఇదే. నేను ఆ పెట్టె పక్కన పెట్టమనలేకపోయాను, వరుసలో పెట్టనూ లేకపోయాను. చివరికి ఆ అమ్మాయే దారి చూపింది. "అవ్వ అన్నం పట్టుకొని బయల్దేరింది సార్, ఇంతల పిల్లాడు ఏడ్చిండు" అంది. పళ్లెం అలాగే ఉంది, కథా అలాగే ఉంది. అందుకే నేను అక్కను అడిగేది ఒక్కటే. మీరు చెప్పు మార్చినప్పుడు, అది ఒక్క కాలికే ఎందుకు పడుతుందో కూడా ఆలోచించారా?

సూర్యాపేట పుస్తకాలమ్మ:
పంతులు గారూ, ఆ పిల్లకు నా ముద్దులు. డెన్మార్క్ కథకుడు ఆండర్సన్ కథ చెబుతూనే కత్తెరతో కాగితం కత్తిరించేవాడు, కథ ముగిశాక మడత విప్పితే బొమ్మలు బయటపడేవి. మన చేర్యాల పటం కథలూ అంతే, పటం విప్పుతుంటే పాట సాగాలి. బొమ్మ పక్కన చెప్పే మనిషి ఉంటే ఇరుసు విరగదు.

తోలుపని మనవడు:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మాది దేవరకొండ వైపు. మా తాత చెప్పులు కుట్టేవాడు. మిర్యాలగూడ అన్నా, తోలు సాగుతుంది నిజమే. సాగేది ఎవరి కాలికి? తొడుక్కున్న మనిషి కాలికే. ఆరు నెలలు వేసుకున్న తోలు చెప్పు తిప్పి చూడండి. అట్ట మీద ఐదు వేళ్లు, మడమ గుంటలు పడి నల్లగా అచ్చు ఉంటుంది. మా తాత సంతలో చెప్పులు కలిసిపోతే ఆ అచ్చు చూసి ఎవరివో పేర్లు చెప్పేవాడు. ఇంకొకరు కాలు పెడితే దూరుతుంది, కానీ వేళ్లు ఆ గుంటల్లో కూర్చోవు. గాజుకు ఆ గుణం లేదు. ఆ కొలత కాలు ఊర్లో ఇద్దరికి ఉంటే గాజు చెప్పు ఇద్దరికీ పడుతుంది.

ఇంకోటి అక్కకు చెప్పాలి. గడీ మెట్ల మీద రాజకుమారుడు కిర్రు చెప్పు చేతిలో పట్టుకొని నిలబడ్డ ఫొటో చూసి నాకు గొంతు పట్టేసింది. మా తాత గడీ ముందు నుంచి పోవాలంటే తాను కుట్టిన చెప్పులు తానే విప్పి చేతిలో పట్టుకొని నడిచాడు. దొర కంటపడే దూరం దాటాకే తొడగాలి. మీరు అది తెలిసి చేశారో లేదో నాకు తెలియదు. ఆ మెట్ల మీద దొర కొడుకు చెప్పు చేతిలో పట్టుకొని, ఎవరిదో అడుగుతూ తిరగడం మా తాత చూసి ఉంటే బాగుండేది. దాన్ని గాజుకు మార్చకండి.

మిర్యాలగూడ కథలపిచ్చి:
అన్నా, అచ్చు సంగతి నాకు తోచలేదు. ఆ కారణం గాజు కంటే గట్టిది, ఒప్పుకుంటున్నాను. కానీ ప్రదర్శనలో ఆ చెప్పు అడుగు భాగమే కనబడింది, అచ్చు ఎవరికీ కనబడలేదు. చూసే పిల్లలకు తెలియాలంటే బొమ్మలోనే ఉండాలి. పక్కన చెప్పే మనిషి ఎప్పుడూ ఉండడు కదా. పరాయి కథను మన కొలతకు కోసేటప్పుడు అంత జాగ్రత్త కావాలని మాత్రం ఇప్పటికీ అంటాను.

చిట్టిబొమ్మల నల్లగొండ:
తమ్మీ, నిజం చెబుతున్నాను, గడీ మెట్లు అందం కోసమే పెట్టాను. చెప్పు చేతిలో పట్టుకొని నడిచిన సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నీ మాట చదివాక సందూక మూత తెరిచి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

నాలుగు రోజులు పట్టింది, చెప్పు మళ్లీ చేశాను. మొదటిదాని తోలు ఒక మిల్లీమీటరు మందం, నా కొలతలో అది పన్నెండు మిల్లీమీటర్ల మందం తోలు అయింది, అందుకే మొద్దుగా ఉండేది. ఈసారి మేకతోలు లోపలి వైపు బ్లేడుతో గీకి గీకి కాగితంలా పల్చన చేశాను. చెప్పు మొత్తం రెండు సెంటీమీటర్లే. తడి మీద ఉండగా గుండుసూది తలతో వేళ్ల గుంటలు ఒత్తి, అందులో దీపం మసి తుడిచాను. రాజకుమారుడి చెయ్యి కూడా తిప్పాను, ఇప్పుడు అచ్చు చూసేవాళ్ల వైపు ఉంటుంది. ఫొటో పెడుతున్నాను, చూసి చెప్పండి.

తోలుపని మనవడు:
చూశాను అక్కా. గుంటలు బాగా కూర్చున్నాయి. కానీ అచ్చు కుడి కాలిది, బొటనవేలు దూరే తోలు ఉంగరం మాత్రం ఎడమ కాలి చెప్పుకు ఉండే వైపు వేశారు. దాన్ని విప్పి లోపలి వైపుకు మార్చండి. మా తాత అయితే దాన్ని బయటికి పోనిచ్చేవాడు కాదు.

చిట్టిబొమ్మల నల్లగొండ:
ఇప్పుడే విప్పుతున్నాను తమ్మీ.